కష్టకాలపు ముక్కుపుడక

వరిచేను గట్టు కింద చుంచయ్య, చుంచమ్మ అనే ఎలుకల జంట కాపురం. పళ్లు అరిగే వయసుకి పనికొస్తాయని కంకులు కూడబెట్టేవారు.

"కంకులు ముక్కిపోతాయండీ. కాస్త బంగారం కూడా ఉండాలి" అని చుంచమ్మ పోరు పెట్టింది.

"బంగారం కొరుక్కు తింటామా?" అన్నాడు చుంచయ్య.

"తినడానికి కాదు, కష్టకాలంలో ఆదుకోవడానికి."

ఆ మాట అతనికీ సబబుగానే తోచింది. ఊళ్లో నగలు ఎత్తుకొచ్చే కాకికి సగం కంకులు పోసి, బదులుగా బంగారు ముక్కుపుడక తెచ్చి పెళ్లానికి పెట్టాడు.

ముసలితనం వచ్చింది. ఆ ఏడు వానలకు చేను మునిగింది, కన్నం ఖాళీ అయింది. పాత కాకే వచ్చి, "పుడక ఇచ్చేయండి, మీ కంకులు మీకిచ్చేస్తా" అంది.

చుంచయ్యకు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "తిండి కోసం ఆడదాని ఒంటిమీది బంగారం అమ్ముకుంటామా? నలుగురిలో మా పరువేం కావాలి?" అంటూ కాకిని తరిమేశాడు. చుంచమ్మ మురిసిపోయింది.

సాయంత్రం ఇద్దరూ పందికొక్కు ఇంటికి గుప్పెడు గింజలు అడుక్కోవడానికి బయల్దేరారు. గడప దగ్గర చుంచయ్య ఆగాడు.

"ఏమే, ఆ ముక్కుపుడక తీసి లోపల దాచిరా. అది చూస్తే ఎవరూ పెట్టరు."