నాలుగింటికల్లా జిడ్డు

"దొంగను ఎతికే పనేం లేదు సార్. తలలు చూస్తే సాలు," అంది స్రవంతి.

హాస్టలు వరండాలో నిలబడ్డ ఆడపిల్లలందరూ ధరణి తలవైపు తిరిగారు. వారం కిందట స్టోరు గదిలోంచి ఐదు లీటర్ల కొబ్బరినూనె డబ్బా మాయమైంది. అప్పటినుంచి ఏ పిల్ల తలకూ చుక్క నూనె లేదు. ఎవరి జుట్టు చూసినా పీచులా రేగిపోయి ఉంది. ధరణి తల మాత్రం అప్పుడే దోసెడు నూనె పోసుకున్నట్టు నిగనిగలాడుతోంది. సన్నటి వెంట్రుకలు నెత్తికి అంటుకుపోయి, పాపిట కూడా మెరుస్తోంది.

ట్రస్టు తరఫున తనిఖీకి వచ్చిన సుబ్రమణ్యం కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏం పాపా, డబ్బా యాడ దాచినావు?"

"నేను తీయలేదు సార్. నా తలే అంత. ఏమీ పూయకపోయినా జిడ్డు గారతాది."

"పూయకుండానే గారేటట్టయితే ఊళ్ళో గానుగలెందుకు మే?" అంది స్రవంతి. అందరూ కిసుక్కున నవ్వారు.

సుబ్రమణ్యం నవ్వలేదు. "అలివేలమ్మగారూ, టీసీ పుస్తకం తెప్పించండి. సాయంత్రం చంద్రగిరి బస్సుకు ఈ పిల్లను ఇంటికి పంపించేయండి."

వార్డెన్ అలివేలమ్మ తడబడింది. "టెన్త్ పరీక్షలు ఇంకా ఇరవై రోజులే ఉండాయి సార్. ఇప్పుడు పంపిస్తే ఈ పిల్ల చదువు ఈడితో సరి."

"ఆ సంగతి డబ్బా ఎత్తేటప్పుడు ఆలోచించుకోవాల్సింది."

ధరణి ఒక అడుగు ముందుకొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి, ఇప్పుడే.

"నా తల కడిగించండి సార్. నాలుగింటికల్లా మళ్ళీ జిడ్డు గాకపోతే నేనే మూట సర్దుకోని పోతా."

సుబ్రమణ్యం గడియారం చూసుకున్నాడు. తొమ్మిదైంది. "సరే. అందాకా ఆఫీసు గది ముందర, నాకు కనపడేట్టు కూర్చో. తలమీద చెయ్యి పెట్టగూడదు. దువ్వెన ముట్టగూడదు."

వంటమనిషి చెంగమ్మ ఆమెను తొట్టి దగ్గర కూర్చోబెట్టి, వేడి వేడి కుంకుడు రసం మూడుసార్లు పోసి రుద్దింది.

"రోజూ దేంతో రుద్దుకుంటావు మే?"

"బట్టల సబ్బుతో అవ్వా. రోజుకు రెండుసార్లు. అయినా పోదు."

"ఎట్లా పోతాది? ఈ ఉప్పునీళ్ళకు సబ్బు వదల్దు. నెత్తిన అట్లే అతుక్కుంటాది. నువ్వు రుద్దేకొద్దీ ఇంకా జిడ్డు ఊరతాది. ఇప్పుడు సూడు, ఎంత తేలిగ్గుంటాదో."

పది గంటలకు తల ఆరింది. చెంగమ్మ మాట చెవిన పెట్టని ధరణి ధైర్యంగానే కూర్చుంది. రోజూ రెండో పీరియడ్ అయ్యేసరికి ముంగురులు నుదుటికి అతుక్కుంటాయి. ఈ రోజూ అంతే అవుతుంది.

పదకొండు. ముంగురులు అతుక్కోలేదు.

పన్నెండుకు గాలి వీస్తే జుట్టంతా బూరుగుదూదిలా లేచి ముఖం మీద పడింది. ధరణికి ఏమీ అర్థం కాలేదు. ఇది తన తలేనా? పదిహేనేళ్ళలో ఒక్కనాడూ ఇలా ఎగిరింది లేదు. ఇలాంటి జుట్టు కావాలని ఎన్ని తిప్పలు పడింది. వద్దు మొర్రో అంటున్న రోజే వచ్చి నెత్తిన కూర్చుంది.

"ఏం మే, నూనె ఇంకా ఊరలేదా?" అన్నంతట్టతో పోతూ అడిగింది స్రవంతి.

తడిమి చూసుకుందామని చెయ్యెత్తితే లోపల సుబ్రమణ్యం దగ్గాడు. చెమటైనా పడుతుందని ఎండలోకి జరిగింది. "నీడకు రా," అన్నాడాయన.

మూడైంది. నిజం చెప్పింది తను. మరి తన తలే ఎందుకు అబద్ధం చెబుతోంది?

నాలుగు కొట్టింది. సుబ్రమణ్యం టీసీ పుస్తకం చేతపట్టుకుని బయటికి వచ్చాడు. పిల్లలంతా మూగారు.

"సూస్తానే తెలస్తా ఉండాది, పొడిగా ఉండాదని. అయినా అన్యాయం చేసినాననే మాట నాకొద్దు. అలివేలమ్మగారూ, మీరే చేత్తో చూసి చెప్పండి."

అలివేలమ్మ తన గదిలోంచి వచ్చింది. ధరణి కళ్ళు మూసుకుంది. ఒక చెయ్యి నుదుటి మీద ఆని, పాపిట వెంబడి నడినెత్తి వరకు మెల్లగా నిమిరింది.

"చూడండి సార్."

ధరణి కళ్ళు తెరిచింది. అలివేలమ్మ అరచెయ్యి తళతళలాడుతోంది. సుబ్రమణ్యం నమ్మలేక ధరణి ముంగురుల మీద వేలు పెట్టి చూశాడు. వేలికి జిడ్డు. ముఖం చిట్లించి రుమాలుకు తుడుచుకున్నాడు.

"కడిగిన తలకు ఇంత జిడ్డా? సరే పాపా, పోయి చదువుకో. ఎవురో బయటోళ్ళ పనే అయ్యుంటాది. కొత్త డబ్బా పంపిస్తాలే." చిత్తూరు బస్సుకు వేళవుతోందని గబగబా వెళ్ళిపోయాడు. స్రవంతి ఎటో చూస్తూ అక్కడినుంచి జారుకుంది.

ధరణి మాత్రం కదల్లేదు. పొద్దున్నుంచి ముట్టుకోని తలను ఇప్పుడు తడిమి చూసుకుంది. వెనక పొడిగా ఉంది. పక్కల పొడిగా ఉంది. నుదుటి దగ్గర, పాపిట వెంబడి మాత్రమే జిడ్డు. వేళ్ళు వాసన చూసుకుంది. కొబ్బరినూనె.

పరుగున వార్డెన్ గదికి వెళ్ళింది. అలివేలమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మేడమ్, మీరే చేతికి పూసుకోని వచ్చినారు గదా?"

అలివేలమ్మ తువ్వాలు అందుకుంది.

"నా తల పొడిగానే ఉండె. అందరూ నేనే దొంగ అనుకున్నారు. నేను కాదని మీకు ఒక్కరికే ఎట్లా తెలిసింది మేడమ్?"

అలివేలమ్మ చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. తల ఎత్తకుండానే అంది:

"ఆ డబ్బా మా ఇంట్లో ఉండాది పాపా."