జానెడు దూరంలో

ఇంకో పది నిమిషాలు ఎవరూ రాకపోతే దుబాయి సీటు సంజీవ్‌దే.

జగిత్యాల ఫంక్షన్ హాల్లో పొద్దుటి నుంచి ఎంపిక జరుగుతోంది. దుబాయి లేబర్ క్యాంపుల్లో మనవాళ్ళ ముందు మ్యాజిక్ చేయడానికి ముగ్గురంటే ముగ్గురే కావాలి. వీధి మ్యాజిక్‌కు ఒకరు, స్టేజీకి ఒకరు, బల్ల ముందు కూర్చొని చేసే క్లోజప్‌కు ఒకరు.

వీధి సీటు కోరుట్ల వీరేందర్‌కు పోయింది. బస్టాండులో జనం చుట్టూ మూగితే వీపు వెనక కూడా కళ్ళుంటాయి. వీరేందర్ వాటిని మాటలతోనే మూసేస్తాడు. వాడు నోరు తెరిచాక చేతులెవరు చూస్తారు! స్టేజీ సీటు ప్రేమ్‌కుమార్ కొట్టేశాడు. ఆయనకు లైట్లున్నాయి, పరదా ఉంది, చెవులు పగిలే పాట ఉంది. అన్నిటినీ మించి ఇరవై అడుగుల దూరం ఉంది.

క్లోజప్ వాడికి ఇవేవీ లేవు. చూసేవాడు జానెడు దూరంలో కూర్చొని గోళ్ళు లెక్కపెడుతుంటాడు. వాళ్ళిద్దరిదీ సగం మ్యాజిక్కేనని సంజీవ్‌కు లోలోపల గర్వం. కాని ఇవాళ ఆ గర్వం కూడా గుర్తుకు రావడం లేదు. సంజీవ్ నాన్న భూమన్న దుబాయిలోనే ఉన్నాడు. రాయికల్‌లో ఇల్లు విడిచి ఆరేళ్ళయింది. ఫోన్లో తప్ప మొహం చూసింది లేదు. ఈ సీటొస్తే ముందు వరుసలో నాన్న కూర్చుంటాడు.

అంతలో తలుపు తోసుకొని ఒకామె ఆయాసపడుతూ వచ్చింది.

“లేటయిందా సార్? సిరిసిల్ల నుంచి అచ్చుడు. బస్సు నడుమల ఆగింది. నా పేరు సుమిత్ర, జెర రాసుకోండి.”

ఎంపిక చేస్తున్న హన్మండ్లు సార్ కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఏం చూపెడ్తవు బిడ్డా?”

“చీర సార్.” సంచిలోంచి ఉంగరం పెట్టుకునే డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. “గిండ్లనే ఉన్నది.”

“స్టేజీ మీద చూపెడ్తవా?”

“దూరం నుంచి చూస్తే ఏం తెల్వది సార్. దగ్గర కూసోని చూడాలె.”

దగ్గర కూర్చొని చూడడమంటే క్లోజప్పే, అంటే సంజీవ్ సీటే. ఒకే సీటుకు ఇద్దరొస్తే రూలు ఒకటే. కొత్తగా వచ్చినవాళ్ళ ఎదురుగా పాతవాడు కూర్చోవాలి. కిటుకు పట్టుకుంటే సీటు అతనిదే. పట్టుకోలేకపోతే వాళ్ళది.

కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. డబ్బీ తెరిచాడు. లోపల మడిచిన పట్టుగుడ్డ కనిపించింది. ఇలాంటివి తన పెట్టెలో పది ఉన్నాయి. మ్యాజిక్ వాళ్ళ పట్టు రుమాలు మడిస్తే చిటికెడవుతుంది. ఇది పైకి చూపించే ముక్క. అసలు చీర ఇంకెక్కడో ఉంది. డబ్బీ అడుగు గోకి చూశాడు. దొంగ అర లేదు.

“అక్కా, చేతులు చూపెట్టు.”

ఆమె రెండు చేతులూ చాపింది. గాజులు పైకి తోసింది. “గింత తనిఖీ జేస్తరని తెల్వది తమ్మీ,” అంది. గొంతు వణికింది.

‘భయపడుతోంది. అయితే కిటుకు ఉన్నట్టే’ అనుకున్నాడు సంజీవ్.

“గురువెవరు?”

“మా మామ.”

“ఎన్ని రోజుల కష్టం?”

“మూడు నెలలు. ఇద్దరికీ నిద్ర లేదు.”

మూడు నెలల్లో క్లోజప్పా! తనకు ఏడేళ్ళు పట్టింది.

“ఇగ తియ్యి.”

ఆమె రెండు వేళ్ళతో కొస పట్టి లాగింది. సంజీవ్ గుడ్డను చూడలేదు. ఆమె ఒడిని చూశాడు, మోచేతులను చూశాడు, బల్ల అంచును చూశాడు. రెప్ప వేయలేదు. గుడ్డ వస్తూనే ఉంది. మీటరు. రెండు మీటర్లు. వంగి బల్ల కింద చూశాడు, ఏమీ లేదు. ఎర్రంచు వచ్చింది. జరీ కొంగు వచ్చింది. ఐదున్నర మీటర్ల నిండు చీర బల్ల మీద పరుచుకుంది. డబ్బీ ఖాళీ.

వీరేందర్ చప్పట్లు కొట్టాడు. ప్రేమ్‌కుమార్ ఈల వేశాడు. సంజీవ్ ఖాళీ డబ్బీని తలకిందులు చేసి తట్టి చూశాడు.

“ఇంకోసారి,” అన్నాడు.

ఆమె ఓపికగా మడిచి, డబ్బీలో పెట్టి మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే.

హన్మండ్లు సార్ సంజీవ్ చెవి దగ్గరికి వంగాడు. ఆయనకు సంజీవ్ అంటే ఇష్టం. “దొరకకుంటే దొరకకపాయె. ఒడిల దాచిందను. నేను అవునంట. మీ బాపును చూసుకోవా?”

ఒక్క మాట చాలు. ఆమెను ఇంటికి పంపొచ్చు. సంజీవ్ కళ్ళ ముందు నాన్న మొహం మెదిలింది, ఏడుపొచ్చింది. కాని ఇంత దగ్గర కూర్చొని, ఇంత శుభ్రమైన పని చూసి, లేని తప్పు ఎలా అంటగడతాడు? ఆ మాట నోటికి రాలేదు.

లేచి నిలబడ్డాడు. “నాకు దొరకలేదు సార్. సీటు అక్కదే.”

హన్మండ్లు సార్ నిట్టూర్చి కాగితం మీద పేరు రాసుకున్నాడు. “పాస్‌పోర్ట్ ఉన్నదా బిడ్డా? వచ్చే నెల దుబాయి పోవాలె.”

“దుబాయేంది సార్?” సుమిత్ర చీరను గుండెకు హత్తుకొని బెదురుగా అందరి మొహాలూ చూసింది. “మా మామ మగ్గం మీద సన్నగ నేసిండు గాబట్టి చీర మొత్తం డబ్బీల పడుతది, చేనేత నమూనాలు చూసుడు గీ హాల్లనే అన్నరు గదా!”