పుల్లావు అనుమానం

ఒక పాకలో పితికిన పాలు కాచగానే విరిగిపోతున్నాయి. ఏ పశువు వల్లో తేలితే దాన్ని సంతకు తోలేస్తానన్నాడు యజమాని.

పుల్లావుకు కొత్త గేదె మీదే అనుమానం. "బురదలో పొర్లే ఒళ్ళు! పాలు విరక్క మీగడ కడతాయా?" అంది అందరూ వినేలా.

"అక్కా, నా దూడ ఇంకా మేత ముట్టలేదు. సంతలో మమ్మల్ని విడదీస్తారు" అంది గేదె.

"ఏడుపు తర్వాత, నీ పొదుగు సంగతి చెప్పు!"

దాని గుట్టు పట్టాలని పుల్లావు పాలు పితికే వేళ కనిపెట్టి చూసింది. యజమానురాలు ముందుగా పుల్లావు పొదుగు తుడిచింది. పాకలో పెద్దదని దానికి ఆ మర్యాద. గుడ్డ తగలగానే వెనక చన్ను చురుక్కుమంది. కొన్నాళ్ళుగా అంతే, ఈగ కుట్టిందనుకుంటోంది. అదే తడిగుడ్డ గేదె పొదుగు మీదికి వెళ్ళింది. పుల్లావుకు మొదటిసారి తన మీదే అనుమానం కలిగింది.

మర్నాడు పాలు పితికే వేళకే యజమాని, కొత్తగా వచ్చింది అదేనని, సంతకు తోలడానికి గేదె మెడకు పలుపు వేశాడు. దూడ గోలపెట్టింది. పుల్లావు కదలకుండా నిలబడితే చాలు, తన గండం గడిచిపోతుంది. కానీ అది కాలు విసిరింది. దాని పాలు పితుకుతున్న బిందె దొర్లి, పాలతోపాటు విరుగుడు గడ్డలు నేల మీద పడ్డాయి.

యజమానురాలు పొదుగు తాకి, "అయ్యో, కాలిపోతోంది! సంత మాట తర్వాత, డాక్టర్ని పిలువు. ఇకనుంచి దీన్ని చివర్లో పితుకుతాను, గుడ్డ కూడా వేరే" అంది.

పుల్లావు తలవంచుకుంది. గేదె తన కింది పొడిగడ్డి వదిలి పక్కకు జరిగింది.

"పడుకో అక్కా" అంది.