ఇప్పుడే

గొర్రెల మందతో కృష్ణా నది ఒడ్డుకు పోయిన మా ఆయన కురుమయ్య ఎట్లున్నాడోనని నాకు ఎప్పుడూ బుగులే. మాటిమాటికి ఫోన్ చేస్తే కసురుకుంటాడు. అందుకని మనవరాలు త్రివేణి నా ఫోనులో ఒక పేజీ తయారుచేసి పెట్టింది. ఆయన ఫోను దానంతటదే పంపే కబురు వచ్చి ఎంతసేపైందో అది చూపిస్తుంది. మొదట్లో సెకన్ల లెక్క వచ్చేది. ఆ పెద్ద అంకెలకు నా గుండె దడదడలాడేది. నా పోరు పడలేక "గంట కింద", "పూట కింద" అని మాటల్లోకి మార్చింది.

పోయిన నెల వరుసగా మూడు రోజులు "ఇప్పుడే" అని వచ్చింది. పెళ్లయ్యాక నేను నిశ్చింతగా తిన్నది ఆ మూడు రోజులే. ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

నాలుగో రోజు పొద్దున, గొర్రె వీపు మీద రంగుతో రాసిన నా ఫోన్ నెంబరు చూసి ఒక రైతు ఫోన్ చేశాడు.

"ఏందవ్వా, మీ గొర్లు నా పల్లిచేనంత మేసినయి. కాపలా మనిషేడి?"

"ఏడికి పోతడయ్యా? గొర్లెంటనే ఉన్నడు. జర కండ్లు తుడుసుకొని సూడు!" అని గదమాయించాను.

త్రివేణి నా ఫోను అందుకుని చూసింది.

"అవ్వా, తాత ఫోను బందయితే ఏం సూపెట్టాల్నో నేను రాయలే. కబురు రాకుంటే సున్న సెకన్లనుకొని 'ఇప్పుడే' అంటాంది."

ఆయన వాగు పక్కన దొరికాడు. పాము కరిచి మూడు రోజులైందన్నారు.

దినాలయ్యాక త్రివేణి ఏడ్చుకుంటూ ఆ పేజీని సరిచేయబోయింది. నేను ఫోను గుంజుకున్నాను.

"ఉండనియ్యి బిడ్డా. ఆయన లేడన్న ముచ్చట దానికొక్కదానికే తెల్వది."