చేతికంటిన పిండి

తలుపు తీసిన అక్క కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చెల్లెల్ని చూసి నాలుగేళ్ళయింది.

"లోపలికి రా చిన్నీ. ఎండలో నిలబడ్డావేం?"

చిన్ని తలొంచుకుని లోపలికొచ్చింది. ఇన్నాళ్ళూ రానిది, ఇవాళ పని పడితే వచ్చింది. ఆ మాట అక్క అనలేదు. అన్నా బాగుండేది.

"బేగెల్స్ చెయ్యడం నేర్పుతావా అక్కా? తియ్యటివి. చిన్నప్పుడు నువ్వు చేసేవే." గబగబా చెప్పేసింది. "రేపు పాప స్కూల్లో తల్లులందరూ ఏదో ఒకటి చేసుకెళ్ళాలట. ఇంట్లో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ రాళ్ళే. కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోయింది."

"రేపేనా?"

"రేపే."

అక్క చేతులు కడుక్కుని మైదా డబ్బా దించింది.

అమ్మ పోయేనాటికి అక్కకి పదిహేడు. చదువు మానేసి బేకరీలో పనికి చేరింది. సెలవు రోజున మాత్రం చెల్లెలి కోసం ఇంట్లోనే బేగెల్స్ చేసేది. నడుమ చిల్లున్న గుండ్రటి రొట్టెలు. లోపల ఎండుద్రాక్ష, దాల్చినచెక్క పొడి, పైన పంచదార. చిన్ని స్టూలు మీద కూర్చుని పాఠాలు చదువుకుంటూ, అదెందుకు, ఇదెందుకు అని అడుగుతూ ఉండేది. ఒక్కనాడూ పిండిలో చెయ్యి పెట్టింది లేదు.

"నీ చేతికి పెన్నే అందంలే" అనేది అక్క.

ఇవాళ ఆ చేతికి పని పడింది.

"నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి. కాలితే ఈస్ట్ చచ్చిపోతుంది. వేలు పెట్టి చూడు."

ఈస్ట్ వేసిన నీళ్ళకి నురగ వచ్చాక చిన్ని వాటిని మైదాలో పోసి కలిపింది. పిండి వేళ్ళకంటింది, మణికట్టుకంటింది, చివరికి జుట్టుకీ అంటింది.

"ఏంటే, పిండిని బుజ్జగిస్తున్నావా? అరచేత్తో తొయ్యి. నీ బరువంతా దాని మీద వెయ్యాలి."

పది నిమిషాలు పిసికేసరికి చెమటలు కారాయి. పక్కన అక్క చేతులు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. చిన్ని చూపు తిప్పుకుంది.

పిండి పొంగేలోపు పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. చిన్నిని ఎగాదిగా చూసింది.

"మీ చెల్లెలా? ఎక్కడో చూసినట్టుందే!"

చిన్ని గబుక్కున అటు తిరిగి చేతులు కడుక్కోసాగింది.

"నా పోలికే కదండీ. రోజూ నన్ను చూస్తున్నారుగా" అని నవ్వి పంపేసింది అక్క.

ఉండలు చేసి, నడుమ వేలితో చిల్లు పెట్టి, తిప్పుతూ పెద్దవి చేశారు. అక్కవి గాజుల్లా ఉన్నాయి. చిన్నివి కొన్ని మూసుకుపోయాయి. అక్క వాటిని సరిచేసింది.

"ఇప్పుడు తేనె కలిపిన నీళ్ళలో ఉడికించు. ఒక్కో వైపు నిమిషం."

"ఉడికించాలా?" నోరు జారింది చిన్ని.

"మరి? నేరుగా ఓవెన్లో పెట్టేశావా? అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

చిన్ని చెవులు వేడెక్కాయి.

"ఎవరో..."

"సగం తెలిసినవాళ్ళు చెబితే అంతే మరి." అక్క గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది చిన్ని.

ఓవెన్ తలుపు తీయగానే దాల్చినచెక్క వాసన ఇల్లంతా కమ్ముకుంది. అక్క ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది.

"బాగా వచ్చాయే!"

చిన్ని ఓవెన్ తలుపు మూసి ఇటు తిరిగింది. "అక్కా, నేను నీకు..."

"తిను ముందు. చల్లారితే బావుండవు."

ఇక చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తల వంచుకుని తిన్నది. చిన్నప్పటి రుచే. మింగుడుపడలేదు.

మిగిలినవి డబ్బాలో సర్ది, గుమ్మం దాకా వచ్చింది అక్క. చెప్పులు వేసుకుంటున్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు టీవీలో చేతులు వణకనివ్వకు చిన్నీ, ఈ బేగెల్స్ నీవేనని నీ వంటల పుస్తకంలో రాసుకున్నావుగా, నీవేననుకునే చెయ్యి."