ఇల్లాలి పొట్లం

"నీ మందు పని చెయ్యలేదు నాయనా!"

దావియా ముసలమ్మ సగం వాడిన పొట్లాన్ని బల్ల మీద ఠపీమని పెట్టింది. దాల్చినచెక్క కొంటున్న ఇద్దరాడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

మూలికల కొట్టు బుష్తాకి ముచ్చెమటలు పోశాయి. మరి మాటలా? మొరాకోలోని మెక్నెస్ పాతబజారులో అతని ఇల్లాలి పొట్లానికి ఉన్న పేరు ఇంకే పొట్లానికీ లేదు. మెంతులు, కుంకుమపువ్వు, గులాబీ మొగ్గలు తనే ఎంచి, తనే దంచి కడతాడు. మొగుడి పక్కకి చేరాలన్న సరదా సన్నగిల్లిన ఆడవాళ్ళు గుట్టుగా పట్టుకెళ్ళి తేనెలో కలుపుకుంటారు. దాన్ని పట్టపగలు నలుగురి ముందూ ఇలా తిరిగిచ్చేస్తే పరువేం కాను!

"మెల్లిగా పెద్దమ్మా, మెల్లిగా! లోపలికొచ్చి కూర్చో. టీ తాగు." పుదీనా టీ గ్లాసు చేతికిచ్చి గొంతు తగ్గించాడు. "అందరికీ ఒకేలా పడదని ముందే చెప్పాను కదా. ఇంతకీ ఎవరికి వాడావు?"

"మా పేటలో ఒక పిల్లకి. పాపం, నా దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు."

బుష్తా మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ పొట్లం కోసం ఏ ఆడదీ నాకే కావాలని వచ్చిన పాపాన పోలేదు. చెల్లెలికనో, పక్కింటావిడకనో వచ్చేవాళ్ళే అందరూ. ఈవిడకి అరవై దాటి ఉంటాయి. అయితే మాత్రం, ఆశపడకూడదా? ఎంత సిగ్గు చంపుకుని వచ్చిందో అని జాలేసింది.

"సరే, మరి ఆ... పిల్లకి బీపీ మాత్రలేమైనా ఉన్నాయా? మోకాళ్ళ నొప్పులూ అవీ?"

"నీ మొహం! ముప్పై నాలుగేళ్ళదానికి మోకాళ్ళ నొప్పులేంటయ్యా? మాత్రల్లేవు. కడుపుతో లేదు. చంటిపిల్లా లేదు. నువ్వు అడుగుతావనే అన్నీ కనుక్కుని వచ్చాను."

అప్పుడు గానీ పిల్ల నిజంగానే ఒకతె ఉందని బుష్తాకి నమ్మకం కుదరలేదు. సర్దుకుని కూర్చున్నాడు.

"మరి సగంలో ఎందుకు మానేసింది?"

"ఇంకా ఎందుకు తాగాలిట? రోజూ సాయంత్రం శ్రద్ధగా కలుపుకునేది. నీ మందు మహిమో, తేనె మహిమో గానీ మనసు కాస్త తేలికపడేదిట. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని కూర్చునేది. ఆయనగారు వచ్చి, రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి గురక!"

"అయితే మందు పని చేసినట్టేగా!"

"మందు చేసింది. మొగుడే చెయ్యలేదు."

బుష్తాకి నవ్వొచ్చింది గానీ, ముసలమ్మ మొహం చూసి మింగేశాడు.

"అతనితో చెప్పుకోవచ్చుగా?"

"నోరు విప్పేలోపే నిద్రపోతాడు. పగలంతా ఊళ్ళోవాళ్ళతో ఇకఇకలు, పకపకలు. ఇంటికొస్తే మూగవాడు."

"వ్యాపారమా?"

"వ్యాపారమే. బ్రహ్మాండంగా నడుస్తోంది. అదే దాని ఖర్మ! ఇంక నావల్ల కాదు, పుట్టింటికెళ్తే మళ్ళీ రానంటోంది. బట్టల మూట కట్టి తలుపు వెనకాలే పెట్టింది. ఆ మహానుభావుడు దాన్ని దాటుకుంటూ వెళ్ళాడు గానీ ఇదేమిటని అడగలేదు. ఒక్క పూట ఆగవే తల్లీ, ఆ కొట్టతన్ని అడిగొస్తాను, అతనేమంటాడో విని అప్పుడు వెళ్ళు అని బతిమాలి వచ్చాను. ఏం చెప్పమంటావు?"

బుష్తాకి ఒళ్ళు మండిపోయింది.

"ఏం మనిషమ్మా వాడు! అంత మంచి పిల్ల ఎదురుచూస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంటాడా? దద్దమ్మ! నేనెంత కుంకుమపువ్వు పోస్తే మాత్రం, మొగుడు చెయ్యాల్సిన పని పొట్లం చేస్తుందా? నా దగ్గరికి పంపు వాణ్ణి, చెవి మెలేసి చెప్తాను. పెందలాడే ఇంటికి పొమ్మంటాను. ఆ తేనె వాడి చేత్తో కలిపి, చెరిసగం తాగమంటాను. పక్కన కూర్చుని, ఎలా ఉన్నావే అని అడగమంటాను. అడిగి, చెప్పేదాకా వినమంటాను. అదీ అసలు మందు!"

"అలా చేస్తే ఆ పిల్ల ఉండిపోతుందంటావా?"

"ఎందుకుండదు? వాడంటే ఇష్టం లేకపోతే వాడి కోసం ఇన్నాళ్ళు మందు తాగుతుందా, పిచ్చిదానివి కాకపోతే! మనసు విరగలేదు పెద్దమ్మా. అలిగింది, అంతే. వాడికింకా అదృష్టం ఉంది."

ముసలమ్మ మొహం విప్పారింది. తలగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. అది చూసి బుష్తా గబగబా కొత్త పొట్లం కట్టాడు. గులాబీ మొగ్గలు మామూలు కంటే ఎక్కువే వేశాడు.

"డబ్బులొద్దు. ఆ చెల్లెలికి నా తరఫున ఇవ్వు."

దావియా లేచి చెప్పులేసుకుంది గానీ పొట్లం ముట్టుకోలేదు.

"నాకెందుకు నాయనా? ఇంటికెళ్తూ నువ్వే పట్టుకెళ్ళు. నువ్వొచ్చేదాకా ఆగమని మీ ఆవిడకి నేను చెప్తాలే."