నాలుగో వేలు

"నా మొగుణ్ణి ఎక్కడ పాతిపెట్టావు?" దర్జీ పనిచేసే ఆమె మళ్ళీ అడిగింది.

కుర్చీకి కట్టేసిన జైలరు పెదవి చిట్లి, నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. ఆ పొద్దున జనం గోడలు దూకి జైలును పట్టుకున్నారు. అతన్ని ఈడ్చుకొచ్చిన ఇద్దరు కూలీలూ వంతులవారీగా తన్ని తన్ని, ఆయాసపడి గోడకు చేరగిలబడ్డారు. అయినా మనిషి నిజం చెప్పలేదు.

"గుర్తులేదు. ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో."

"చారల చొక్కా. నేను కుట్టిందే. ఎడంకాలు కాస్త ఈడుస్తాడు."

"ఇక్కడికొచ్చాక అందరూ ఈడుస్తారు," అని జైలరు నవ్వబోయాడు.

కూలీ ఒకడు పిడికిలి ఎత్తి మీదికొచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు అన్నయ్యా. వీడు చస్తే చెప్పేవాడుండడు."

రవిక మెడపట్టీకి గుచ్చుకున్న సూది తీసింది. ఏడు నెలలుగా దాంతోనే ఉద్యమానికి జెండాలు కుట్టింది. ఆ ఉద్యమానికి నాయకుడు ఆమె మరిదే. "మన రోజు వచ్చాక ఈ దేశంలో మనిషి మీద మనిషి చెయ్యెత్తడు" అని అతను సభల్లో చెబుతుంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది. ఆ ఒక్క మాట కోసమే కళ్ళు మండుతున్నా కుట్టింది.

మొదటి గోటి కిందికి సూది దిగినప్పుడు జైలరు బూతులు తిట్టాడు. రెండోదానికి దేవుణ్ణి పిలిచాడు. మూడోదానికి ఆమెనే అమ్మా అన్నాడు. ఆమె గుండీ కుట్టేటప్పుడు పట్టుకున్నంత పదిలంగా అతని వేలు పట్టుకుంది. కూలీల్లో ఒకడు మొహం తిప్పేసుకున్నాడు. రెండోవాడు బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

నాలుగో వేలు పట్టుకోగానే జైలరు బావురుమన్నాడు.

"వంటశాల వెనక. నీళ్ళతొట్టి పక్కన. అక్కడ పాతింది అతనొక్కణ్ణే."

ఆమె ఉన్నచోటనే చతికిలబడింది. ఇన్నాళ్ళూ దిగమింగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వేళ్ళకంటిన నెత్తురు ముంజేతికి తుడుచుకుంది. అది పోలేదు, పైకి పాకింది.

తలెత్తేసరికి మరిది గుమ్మంలో ఉన్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో ఎవరూ గమనించలేదు.

"అన్నయ్య దొరికాడన్నమాట," అన్నాడు.

"నేనూ వీడిలాగే చేశానయ్యా. నువ్వు జన్మలో ఎవరూ చెయ్యకూడదన్న పనే చేశాను. నీకు మొహం ఎలా చూపించను?"

అతను లోపల మిగిలిన కూలీని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు. ఆమె పక్కనే నేలమీద కూర్చుని, తన జేబురుమాలుతో ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు.

"ఊరుకో వదినా. రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్యి," అన్నాడు మెల్లగా. "పొద్దుట్నుంచీ నలభై మందిని పట్టుకున్నాం. వాళ్ళచేత నోరు విప్పించే మనిషి కోసమే వెతుకుతున్నాను."